మార్పులు చేసిన కారులో గాలి–ఇంధన మిశ్రమం, ఇంజిన్ సెన్సార్ల పర్యవేక్షణ: అమీర్‌పేట, పంజాగుట్ట

పెట్రోలు లేదా గ్యాసుతో నడిచే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి బరువుకూ ఇంధనం బరువుకూ ఉండే నిష్పత్తిని గాలి–ఇంధన నిష్పత్తి అంటారు. మెకానిక్కులు దీన్ని 'మిక్చర్' అంటారు. పెట్రోలు ఎక్కువైతే రిచ్, తక్కువైతే లీన్. కంపెనీ నుంచి వచ్చిన కారులో ఈ లెక్కంతా ఇంజిన్‌ను నడిపే కంప్యూటరైన ఈసీయూ చూసుకుంటుంది, యజమానికి దాని జోలికి వెళ్లే అవసరం రాదు. ఎయిర్ ఫిల్టరో, సైలెన్సరో, టర్బోనో, గ్యాస్ కిట్టో, ఈసీయూలోని ప్రోగ్రామో మార్చినప్పుడు మాత్రం కంపెనీ వేసిన లెక్క కదిలిపోతుంది. అప్పటినుంచి మిశ్రమం ఎలా ఉందో, సెన్సార్లు ఏం చెబుతున్నాయో విడిగా కనిపెట్టి ఉండాలి.

హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న అమీర్‌పేట, పంజాగుట్టల్లో ఈ పనికి కొన్ని ప్రత్యేకతలు ఉన్నాయి. నగరం సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ముంబయి హైవే మీది ఈ రెండు కూడళ్లలో బండి కదిలేదానికన్నా ఆగేదే ఎక్కువ. బంకుల్లో పోసే పెట్రోలులో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. మీటరు మీది అంకెను ఈ నాలుగింటినీ పక్కన పెట్టి చదివితే తప్పుదారి పడతాం. ఇంటర్నెట్‌లో దొరికే పట్టికలు ఎక్కువగా చల్లటి దేశాలవి, సముద్రపుటొడ్డు ఊళ్లవి.

నిష్పత్తి, లాంబ్డా

ఇథనాల్ కలపని పెట్రోలు కిలో పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. సీఎన్‌జీకి ఈ అంకె 17.2, ఎల్‌పీజీకి 15.6కు దగ్గర, శుద్ధ ఇథనాల్‌కు 9. ఇంజిన్‌కు నిజంగా అందిన నిష్పత్తిని ఆ ఇంధనానికి కావలసిన నిష్పత్తితో భాగిస్తే వచ్చేది లాంబ్డా. సరిగ్గా సరిపోతే 1, లీన్ అయితే 1 కన్నా ఎక్కువ, రిచ్ అయితే తక్కువ.

పని తీరును బట్టి కావలసిన లాంబ్డా మారుతుంది. మామూలుగా నడుస్తున్నప్పుడు 1 దగ్గరే ఉండాలి. మూడు రకాల విషవాయువులనూ ఒకేసారి శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఆ ఇరుకు హద్దులోనే బాగా పనిచేస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు టర్బో లేని ఇంజిన్‌కు 0.85–0.88, టర్బో ఇంజిన్‌కు 0.78–0.82 వరకు రిచ్ చేయడం ట్యూనింగ్ చేసేవాళ్ల వాడుక. అదనపు పెట్రోలు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేసుకుంటుంది, నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి మండి ఇంజిన్ టకటకలాడటం) తగ్గుతుంది. ఆ సమయంలో లీన్ అయితే పికప్ పోవడంతో ఆగదు, టర్బో బండిలో పిస్టనే కరిగిపోవచ్చు. మిగిలిన వేళల్లో రిచ్‌గా నడవడం ఇంజిన్‌ను అంత తొందరగా పాడు చేయదు గానీ మైలేజ్ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కి దెబ్బతింటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. రిచ్‌గా ట్యూన్ చేసిన బండిని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఐడ్లింగ్‌లో ఉంచి పరీక్షించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఆక్సిజన్ సెన్సార్

మీటరు చూపే అంకె లోపలికి వెళ్లిన మిశ్రమాన్ని నేరుగా కొలిచినది కాదు. సైలెన్సర్ గొట్టంలోని సెన్సార్ మండాక మిగిలిన వాయువులను చూస్తుంది, దాన్నిబట్టి లోపలికి ఏం వెళ్లిందో లెక్కగడతారు. ఈ తేడా మరిచిపోవడం వల్లే సగం తప్పుడు ట్యూనింగులు జరుగుతున్నాయని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఒక సిలిండర్‌లో మిస్సింగ్ వచ్చిందనుకోండి. అక్కడ పెట్రోలు మండదు, ఆక్సిజన్ అలాగే బయటికి వస్తుంది, సెన్సార్ దాన్ని లీన్ అంటుంది. ఆ మాట నమ్మి పెట్రోలు పెంచితే ప్లగ్గు ఇంకా తడిసి మిస్సింగ్ ముదురుతుంది. సెన్సార్‌కు ముందు ఎగ్జాస్ట్ జాయింట్‌లో చిన్న లీకు ఉన్నా బయటి గాలి లోపలికి లాక్కుని ఇదే మోసం చేస్తుంది.

జర్మనీకి చెందిన బాష్ కంపెనీ తయారుచేసిన లాంబ్డా సెన్సార్ 1976లో అమెరికా మార్కెట్‌కు వెళ్లే వోల్వో కార్లలో మొదటిసారి వచ్చింది. జిర్కోనియా పింగాణీ దాదాపు 300 డిగ్రీలు దాటాక ఆక్సిజన్ అయాన్లను తనగుండా పోనిస్తుంది. ఒకవైపు బయటి గాలి, ఇంకోవైపు ఎగ్జాస్ట్ ఉంటే రెండువైపులా ఆక్సిజన్ తేడాను బట్టి వోల్టేజి పుడుతుంది. రిచ్ అయితే 0.8–0.9 వోల్టులు, లీన్ అయితే 0.1 వోల్టు. మధ్యలో 0.45 దగ్గర నిట్టనిలువుగా మారిపోతుంది. నేరోబ్యాండ్ అనే ఈ రకానికి రిచ్, లీన్ అని చెప్పడం వచ్చుగానీ ఎంత అన్నది రాదు. కంపెనీ కారుకు అంతవరకు చాలు. ఈసీయూ పెట్రోలును అటూ ఇటూ జరుపుతూ 1 చుట్టూ తిప్పుతుంటుంది. ఈ సెన్సార్‌కే రంగురంగుల లైట్ల మీటరు కలిపి అమ్మే సరుకు ఒకటుంది. బండి నడుస్తుంటే లైట్లు అందంగా ఆడతాయి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు 0.88 లాంబ్డాకూ 0.75కూ తేడా చెప్పలేవు.

మార్పులు చేసిన కారుకు కావలసింది వైడ్‌బ్యాండ్. ఇందులో రెండు కణాలు ఉంటాయి. ఒకటి పాత పద్ధతిలోనే వోల్టేజి ఇస్తుంది. రెండోది కరెంటుతో ఆక్సిజన్‌ను చిన్న గదిలోకి తోడడమో బయటికి తోడేయడమో చేస్తూ మొదటిదాన్ని 0.45 వోల్టుల దగ్గరే నిలబెడుతుంది. ఆ నిలకడకు ఎంత కరెంటు పట్టిందన్నదే కొలత. బాష్ ఎల్ఎస్‌యూ 4.2, తర్వాత వచ్చిన ఎల్ఎస్‌యూ 4.9 ఇప్పుడు విడి మీటర్లలో ఎక్కువగా కనిపించేవి. 4.2 రకాన్ని ఎగ్జాస్ట్ నుంచి తీసి అప్పుడప్పుడు బయటి గాలిలో కాలిబ్రేట్ చేయాలి. స్వచ్ఛమైన గాలిలో 20.9 శాతం ఆక్సిజన్ ఉంటుందన్న నమ్మకంతో అది తన అంకె సరిచూసుకుంటుంది కాబట్టి, పక్కన ఇంకో బండి స్టార్ట్‌లో ఉన్న షెడ్డులోనో మూసిన సెల్లార్‌లోనో ఆ పని చేయకూడదు. 4.9కు సాధారణంగా ఈ అవసరం ఉండదు.

అమర్చడంలోనూ మెలకువలున్నాయి. సెన్సార్ మొన కిందికి ఉండేలా, అడ్డగీత నుంచి కనీసం 10 డిగ్రీలు పైకి వంచి బిగించాలి. లేకపోతే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు గొట్టంలోని నీటిబొట్టు తగిలి వేడెక్కిన పింగాణీ పగిలిపోతుంది. వర్షాకాలంలో పొద్దున్నే ఇది మరీ జరుగుతుంది. గ్యాస్కెట్‌కు పూసే సిలికాన్ పేస్టు ఆవిరి కూడా సెన్సార్‌కు విషమే. మీటరు అనలాగ్ తీగ ఇచ్చే 0–5 వోల్టులు గాలి–ఇంధన నిష్పత్తిలో 10 నుంచి 20 వరకు చూపేలా ఉంటే, ఎర్తింగ్ సరిగ్గా లేక వచ్చే 0.1 వోల్టు తేడా అంకెను 0.2 జరుపుతుంది. టర్బో బండి ట్యూనింగ్‌లో అది చిన్న తేడా కాదు.

ఎత్తు, ఎండ, ట్రాఫిక్

నిష్పత్తిలో మొదటి భాగమైన గాలిని కొలిచే సెన్సార్ల దగ్గరే ఊరి ప్రభావం బయటపడుతుంది. మన చిన్న పెట్రోలు కార్లలో ఎక్కువగా ఉండేది మ్యాప్ సెన్సార్. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ లోపలి పీడనాన్ని ఇది చెబుతుంది. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా స్కానర్‌లో ఈ అంకె చూస్తే బయటి గాలి పీడనం కనబడాలి. విశాఖపట్నం బీచ్ రోడ్డులో అది సుమారు 101 కిలోపాస్కల్. అమీర్‌పేటలో 95 దగ్గర ఉండాలి. ఇక్కడ 101 చూపిస్తే బండి ఆరోగ్యంగా ఉందని సంబరపడనక్కర్లేదు, సెన్సార్‌నే అనుమానించాలి. స్కానర్ చేతిలో ఉంటే ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు.

పీడనం 95 కిలోపాస్కల్, ఉష్ణోగ్రత 42 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం ఘనమీటరు గాలి బరువు సుమారు 1.05 కిలోలు. సముద్రమట్టంలో 15 డిగ్రీల దగ్గర 1.225. అంటే టర్బో లేని ఇంజిన్‌కు 14 శాతం గాలి తక్కువ అందుతోంది, శక్తి కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది. పంజాగుట్ట నుంచి బంజారాహిల్స్ ఎక్కేటప్పుడు ఏసీ వేసుకున్న చిన్న కారు ఆయాసపడటంలో దీని వాటా ఉంది. ఇంకో లెక్క: లీటరు పెట్రోలు మండాలంటే ఆ మధ్యాహ్నపు గాలి సుమారు 10,000 లీటర్లు కావాలి. సముద్రమట్టం కోసం రాసిన ఈసీయూ ప్రోగ్రాంను ఉన్నదున్నట్టు ఇక్కడి బండిలో ఎక్కిస్తే, మ్యాప్ సెన్సార్, గాలి ఉష్ణోగ్రత సెన్సార్ రెండూ నిజం చెబుతున్నంతవరకు ఈసీయూ సర్దుకుంటుంది. వాటిలో ఏ ఒక్కటి తప్పు చెప్పినా సర్దుకోలేదు.

గాలి ఉష్ణోగ్రత సెన్సార్ అబద్ధం ఆడేది ట్రాఫిక్‌లోనే. మెట్రో వంతెన కింద పదినిమిషాలు ఆగిన కారు బానెట్ లోపల వేడి పేరుకుంటుంది, సెన్సార్ ఒళ్లే 60–70 డిగ్రీలకు చేరుతుంది. సిగ్నల్ పడి బండి కదలగానే చల్లటి గాలి లోపలికి వస్తుంది గానీ సెన్సార్ చల్లారడానికి టైం పడుతుంది. ఈలోగా గాలి పలచగా ఉందనుకున్న ఈసీయూ పెట్రోలు తగ్గిస్తుంది, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది. కదిలీ కదలకముందే బండి దగ్గినట్టయ్యేది అందుకే. బానెట్ కిందే తెరిచి పెట్టే కోన్ ఫిల్టర్ వేసిన కార్లకు ఈ బాధ ఎక్కువ. శబ్దం బాగుంటుంది, పీల్చేది మాత్రం రేడియేటర్ వెనకాలి వేడిగాలి. హైదరాబాద్ ఎండాకాలానికి కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ డబ్బానే మేలని చెప్పడానికి రేసింగ్ అనుభవం అక్కర్లేదు.

మిగతావాటి సంగతి క్లుప్తంగా. కూలెంట్ సెన్సార్ వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గే థర్మిస్టర్. బాష్ రకానికి 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 80 దగ్గర 320. తీగ తెగితే స్కానర్ మైనస్ 40 డిగ్రీలు చూపిస్తుంది, ఈసీయూ పెట్రోలు కుమ్మరిస్తుంది. లోపలికి వచ్చే గాలిని వేడితీగతో నేరుగా కొలిచే మ్యాఫ్ సెన్సార్ ఉన్న కార్లలో నూనె పూసే ఫిల్టర్ వేస్తే ఆ నూనె తీగకు అంటుకుని కొలత చెడుతుంది. నాక్ సెన్సార్ ఇంజిన్ దిమ్మకు బిగించిన పీజో స్ఫటికం. టర్బో వేసినవాళ్లు కంపెనీ మ్యాప్ సెన్సార్ గరిష్ఠ హద్దు చూసుకోవాలి. 1 బార్ వరకే కొలిచే సెన్సార్ బూస్ట్ వచ్చాక అదే అంకె దగ్గర ఆగిపోతుంది.

స్కానర్, ఓబీడీ

స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌కు ఈఎల్ఎం 327 తరహా బ్లూటూత్ ముక్క తగిలించి ఫోన్‌లో సెన్సార్లు చూడటం ఇప్పుడు సామాన్యమైపోయింది. ఈ సాకెట్ వెనక ఉన్నది ఓబీడీ, అంటే ఇంజిన్ లోపాలను బండే కనిపెట్టి చెప్పే ఏర్పాటు. అమెరికాలో ఓబీడీ-2 1996 నుంచి తప్పనిసరి. మన దగ్గర భారత్ స్టేజ్ 4 (బీఎస్-4) కార్లకు ఓబీడీ మొదటి దశ 2010 ఏప్రిల్‌లో, రెండో దశ 2013 ఏప్రిల్‌లో వచ్చాయి. 2010లో బీఎస్-4 అమలైన 13 నగరాల్లో హైదరాబాద్ ఒకటి, కాబట్టి ఇక్కడి పాత కార్లలోనూ ఈ సౌకర్యం చాలావాటికి ఉంటుంది.

ఇందులో అన్నిటికన్నా విలువైనవి ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు. తాను ముందు వేసుకున్న లెక్కకు ఈసీయూ ఎంత పెట్రోలు కలిపిందో, ఎంత తీసేసిందో శాతంలో చెబుతాయి. షార్ట్ ట్రిమ్ క్షణక్షణం మారుతుంది, లాంగ్ ట్రిమ్ నెమ్మదిగా నేర్చుకున్నది. రెండూ కలిపి 5 శాతం లోపు అటూ ఇటూ ఉంటే బాగున్నట్టు. 10 దాటితే వెతకాలి. 25 దగ్గరికి వెళితే చెక్ లైట్ వెలిగి, లీన్ అయితే పి0171, రిచ్ అయితే పి0172 కోడ్ పడుతుంది. ఎక్కడ పెరిగిందన్నదాన్ని బట్టి రోగం తెలుస్తుంది. ఐడ్లింగ్‌లో ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర తగ్గిపోతే మ్యానిఫోల్డ్ దగ్గర గాలి లీకు. ఐడ్లింగ్‌లో బాగుండి, లోడు పడ్డాక పెరిగితే పెట్రోలు పంపో, ఫిల్టరో చాలడం లేదు. ఇంత తేలిగ్గా దొరికే సమాచారం వదిలేసి 'సెన్సార్ పోయింది, మార్చాలి' అనే మాట విని డబ్బు కట్టే యజమానులే ఎక్కువ.

ఫోన్‌లో చూసే పద్ధతికి హద్దు వేగం. కే-లైన్ అనే పాత సమాచార పద్ధతి ఉన్న బండ్లలో సెకనుకు 10,400 బిట్లే వెళతాయి. నాలుగైదు సెన్సార్లు ఒకేసారి అడిగితే ఒక్కోదానికి సెకనుకు ఒకటి రెండు జవాబులు వస్తాయి. 6000 ఆర్‌పీఎంలో ఇంజిన్ ఆ సెకనులోనే వంద చుట్లు తిరుగుతుంది. పూర్తి యాక్సిలరేటర్‌లో ఒక క్షణం లీన్ అయి మళ్లీ సర్దుకున్నది అందులో పట్టుబడదు. క్యాన్ పద్ధతి వచ్చిన కార్లలో పరిస్థితి బాగా నయం. అయినా ట్యూనింగ్‌కు వైడ్‌బ్యాండ్, మ్యాప్, ఆర్‌పీఎం మూడూ ఒకే లాగర్‌లోకి ఒకే గడియారంతో ఎక్కాలి. పూర్తి లోడు పరీక్ష డైనోమీటర్ మీద చేయవలసిందే. బేగంపేట రోడ్డు మీద రాత్రిపూట చేస్తే అది కొలత కాదు, మోటారు వాహనాల చట్టం కింద నేరం.

అమీర్‌పేటకు ఇందులో ఇంకో పాత్ర ఉంది. మైత్రీవనం చుట్టూ ఉన్న శిక్షణ సంస్థల్లో జావా, డేటా కోర్సుల పక్కనే ఎంబెడెడ్ సిస్టమ్స్, క్యాన్ ప్రోటోకాల్ కూడా నేర్పుతారు. ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం విద్యార్థులకు ప్రాజెక్టు కిట్లు అమ్మే దుకాణాలూ ఇక్కడే. ఆర్డుయినో బోర్డు, ఎంసీపీ 2515 క్యాన్ మాడ్యూల్ కలిపి కారు ఈసీయూతో మాట్లాడే లాగర్ తయారుచేయడం సాధ్యమే, చదువుకూ మంచిది. అదే ప్రాజెక్టులో ఎంక్యూ-7 గ్యాస్ సెన్సార్‌ను సైలెన్సర్ దగ్గర పెట్టి 'మిశ్రమం కొలిచాం' అని రిపోర్టు రాయడం మాత్రం సరికాదు. ఆ టిన్ ఆక్సైడ్ సెన్సార్ గదిగాలిలోని కార్బన్ మోనాక్సైడ్ కోసం చేసినది, లాంబ్డా చెప్పలేదు. వైడ్‌బ్యాండ్‌ను నేరుగా బోర్డుకు తగిలించడమూ కుదరదు. బాష్ సీజే125 లాంటి ప్రత్యేక చిప్పు దాని హీటర్‌నూ పంపు కరెంటునూ నడపాలి.

గాలి ఉష్ణోగ్రత సెన్సార్ తీగలో చిన్న రెసిస్టర్ కలిపి 'పవర్ చిప్' పేరుతో అమ్మేదాని సంగతీ ఇక్కడే చెప్పాలి. బయట చలిగా ఉందని ఈసీయూను నమ్మించి పెట్రోలు పెంచడమే దాని పని. ఆక్సిజన్ సెన్సార్ రిచ్ అని చెబుతుంది, లాంగ్ ట్రిమ్ ఆ పెంపును కొన్నాళ్లలో కోసేస్తుంది. మిగిలేది ముందుకు జరిగిన టైమింగ్, దానితో నాకింగ్.

గ్యాస్ కిట్, ఇథనాల్

మార్పులు చేసిన కారు అనగానే టర్బోలు, పెద్ద సైలెన్సర్లు గుర్తొస్తాయి. చట్టబద్ధంగా జరిగే పెద్ద మార్పు సీఎన్‌జీ లేదా ఎల్‌పీజీ కిట్. హైదరాబాద్‌కు సీఎన్‌జీ తెచ్చిన భాగ్యనగర్ గ్యాస్ సంస్థ 2003లో గెయిల్, హిందుస్థాన్ పెట్రోలియం కలిసి పెట్టినది. సీక్వెన్షియల్ కిట్‌కు తన సొంత ఈసీయూ ఉంటుంది. పెట్రోలు ఈసీయూ ఇచ్చే ఇంజెక్టర్ సంకేతాన్ని అందుకుని, దాన్ని గ్యాసుకు తగిన సమయంగా మార్చి ఇస్తుంది. ఈ మార్పు సరిగ్గా కుదరకపోతే ఆక్సిజన్ సెన్సార్ చెప్పే తేడాను పెట్రోలు ఈసీయూ తన లాంగ్ ట్రిమ్‌లో నేర్చేసుకుంటుంది. తర్వాత పెట్రోలుకు మారగానే ఆ తప్పు పాఠమే అమలవుతుంది. పెట్రోలు మీద స్టార్టింగ్ ట్రబుల్, గ్యాసు మీద బాగానే నడుస్తుందన్న ఫిర్యాదుకు కారణం చాలాసార్లు ఇదే. కిట్ బిగించిన చోటే రెండు ఇంధనాల మీదా ట్రిమ్ అంకెలు రాయించుకోవడం మంచి అలవాటు.

ఇథనాల్ సంగతి అందరికీ సంబంధించినది. 20 శాతం ఇథనాల్ పెట్రోలును 2023 ఫిబ్రవరిలో ప్రారంభించారు. దీనికి కావలసిన గాలి 14.7 రెట్లు కాదు, సుమారు 13.5. పది శాతం కలిపినదానికి 14.1. కాబట్టి పది నుంచి ఇరవైకి మారిన కారులో లాంగ్ ట్రిమ్ నాలుగు శాతం చుట్టూ పెరగడం సహజం. ఇంజెక్టర్‌లో లోపమేమీ లేదు. కార్బురేటర్ ఉన్న పాత మారుతికీ, సెన్సార్ మాట వినని పాత ప్రోగ్రాంతో నడిచే బండికీ సర్దుబాటు ఉండదు, అవి లీన్ అవుతాయి, జెట్టో ప్రోగ్రామో మార్చాల్సిందే. వైడ్‌బ్యాండ్ మీటరు ఇక్కడ ఇంకో తికమక పెడుతుంది. అది కొలిచేది లాంబ్డా. దాన్ని 14.7తో హెచ్చించి తెర మీద చూపిస్తుంది. ట్యాంకులో 20 శాతం ఇథనాల్ ఉన్నా లాంబ్డా 1 దగ్గర మీటరు 14.7 అనే అంటుంది, అసలు నిష్పత్తి 13.5 అయినా. ఆ అంకె చూసి 'నా బండికి 13.5 పెట్టాలట' అని ట్యూన్ చేస్తే లాంబ్డా 0.92కు పడి అనవసరంగా రిచ్ అవుతుంది. మీటరును లాంబ్డాలోనే చూసుకుంటే ఈ గొడవ ఉండదు.

చట్టం, పొల్యూషన్ సర్టిఫికెట్

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశాలకు భిన్నంగా, ఆర్‌సీలోని వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ అలాంటి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చంటుంది. ఆమోదం పొందిన గ్యాస్ కిట్‌కు అనుమతి ఉంది, ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. అమీర్‌పేట, పంజాగుట్టవాళ్లకు ఆ పని ఖైరతాబాద్ ఆర్‌టీఏ కార్యాలయంలో.

వైడ్‌బ్యాండ్ మీటరు పెట్టుకోవడం వేరు, ఇంజిన్‌ను మార్చడం వేరు. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసి ఆ చోట గొట్టం పెట్టడం ఏ విధంగానూ సమర్థించుకోలేనిది. ఈ కూడళ్లకు పక్కనే ఉన్న సనత్‌నగర్‌లో కాలుష్య నియంత్రణ మండలి ప్రధాన కార్యాలయం, గాలి నాణ్యతను నిరంతరం కొలిచే కేంద్రం ఉన్నాయి. జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో హైదరాబాద్ పేరు ఉంది.

బంకుల దగ్గర ఆగే పొల్యూషన్ వ్యాను కూడా లాంబ్డా చూడాలన్నది చాలామందికి తెలియదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల 115వ నియమం ప్రకారం బీఎస్-4, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం మించకూడదు. ఆ తర్వాత 2500 ఆర్‌పీఎం దగ్గర మోనాక్సైడ్ 0.2 శాతం లోపు, లాంబ్డా 0.97–1.03 మధ్య, లేదా కంపెనీ చెప్పిన హద్దులో ఉండాలి. బీఎస్-2, 3 కార్లకు 0.5 శాతం, 750 పీపీఎం సరిపోతాయి. యంత్రం లాంబ్డాను సెన్సార్‌తో కొలవదు. నాలుగు వాయువుల శాతాలను బాష్ ఇంజినీరు బ్రెట్‌ష్నైడర్ 1979లో ప్రచురించిన సూత్రంలో వేసి లెక్కగడుతుంది. కాబట్టి ఎగ్జాస్ట్‌లో లీకున్న బండికి అక్కడా తప్పు అంకే వస్తుంది. పరీక్షకు వెళ్లేముందు ఇంజిన్ బాగా వేడెక్కి ఉండాలి. కోడ్లు చెరిపేసి నేరుగా వెళ్లడమూ తగదు. చెరిపిన వెంటనే లాంగ్ ట్రిమ్ సున్నాకు వచ్చి, ఈసీయూ మళ్లీ నేర్చుకునేదాకా మిశ్రమం హద్దులు దాటే అవకాశం ఉంది. ఓ ఇరవై ముప్ఫై కిలోమీటర్లు, కొంత హైవే మీద, కొంత ట్రాఫిక్‌లో నడిపి ట్రిమ్ కుదురుకుందని స్కానర్‌లో చూసుకుని వెళితే సర్టిఫికెట్ మీది అంకెలు ఆ బండి అసలు స్థితికి దగ్గరగా ఉంటాయి.